తల్లికన్నా పిల్ల పెద్దదా? చుక్కల ఈడు తేల్చే చదువు

ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే ఆ తర్వాత ఇంజినీరింగే అని మన దగ్గర చాలామంది లెక్క. అదే మ్యాథ్స్, అదే ఫిజిక్స్‌తో విశ్వం వయసు తేల్చే పనిలో చేరొచ్చని తొర్రూరు, పాలకుర్తి, మహబూబాబాద్ వైపు చెప్పేవాళ్లు తక్కువ. దూరపు రేడియో గెలాక్సీలు, వాటిలోని నక్షత్రాల వయసు అంటే మనకు సంబంధం లేని సంగతిలా వినిపిస్తుంది. కానీ ఈ రంగంలో ప్రపంచమంతా వాడుకునే పెద్ద టెలిస్కోపుల్లో ఒకటి మన పక్క రాష్ట్రంలోనే ఉంది. ఆ పనేమిటి, అందులో అంత మజా ఏముంది, దారి ఎటు, దానికి పెట్టాల్సిన ఖర్చేమిటి... వరుసగా చూద్దాం.

బతుకమ్మ రాత్రి తలెత్తి చూడండి

ఈసారి బతుకమ్మ ఆట అయ్యాక, రాత్రి ఎనిమిది గంటల వేళ, చెరువు కట్ట మీద దీపాలకు కాస్త దూరంగా నిలబడండి. ఉత్తరం వైపు తిరిగి తల బాగా పైకెత్తితే, దాదాపు నడినెత్తిన సిలువ ఆకారంలో కొన్ని చుక్కలు కనిపిస్తాయి. దాన్ని హంస మండలం అంటారు. రెక్కలు చాపి ఎగురుతున్న హంసలా ఉంటుంది. ఆ హంస నడిమి భాగం దగ్గర మీ కంటికి కనిపించనిది ఒకటుంది. దాని పేరు సిగ్నస్ ఎ. అదొక గెలాక్సీ. మామూలు టెలిస్కోపులో చూస్తే మసక మరక. రేడియో టెలిస్కోపులో చూస్తే మాత్రం మొత్తం ఆకాశంలోనే అతి ప్రకాశవంతమైన వాటిలో ఒకటి. 1954లో బాడే, మింకోవ్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ రేడియో సంకేతం ఒక దూరపు గెలాక్సీ నుంచి వస్తోందని తేల్చారు. ఇప్పుడు మనకు అందుతున్న ఆ తరంగాలు అక్కణ్నుంచి బయలుదేరి సుమారు 75 కోట్ల ఏళ్లయింది.

ఇలాంటివాటినే రేడియో గెలాక్సీలు అంటారు. వీటి నడిమధ్యలో కోట్ల సూర్యుళ్ల బరువున్న కృష్ణబిలం ఉంటుంది. అందులోకి పడిపోయే వాయువులో కొంత, లోపలికి పోకుండా రెండు వైపులా ధారలుగా ఎగజిమ్ముతుంది. ఆ ధారల్లోని ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో పరిగెత్తుతూ అయస్కాంత క్షేత్రంలో గిరగిరా తిరుగుతాయి. అలా తిరిగేటప్పుడు రేడియో తరంగాలు వెలువడతాయి. ధూళి మేఘాలు అడ్డొచ్చినా ఈ తరంగాలు ఆగవు. పైగా ఇంత బలంగా రేడియో తరంగాలు పంపేవి ఎక్కువగా బాగా బరువైన గెలాక్సీలే. అందుకే విశ్వంలో చాలా దూరాన ఉన్న పెద్ద గెలాక్సీ ఎక్కడుందో పట్టుకోవడానికి రేడియో ఒక జెండాలా పనికొస్తుంది. దూరం చూడటమంటే గతంలోకి చూడటమే కదా. ఎంత దూరపు గెలాక్సీ దొరికితే విశ్వం చిన్నప్పటి సంగతి అంత తెలుస్తుంది.

ఊరి జనాభాతో చుక్కల ఈడు

గెలాక్సీ దొరికింది సరే. దాని వయసు ఎట్లా తెలుస్తుంది? జనన ధ్రువీకరణ పత్రం ఉండదు కదా.

మీరు ఎప్పుడూ చూడని ఊరికి వెళ్లారనుకోండి. ఎవ్వరినీ ఒక్క మాట కూడా అడగకుండా, ఆ ఊళ్లో చివరి పురుడు ఎప్పుడు జరిగిందో చెప్పాలి. ఏం చేస్తారు? వీధుల్లో తిరుగుతారు. బడి మూతపడింది, ఆడుకునే పిల్లలు లేరు, పాతికేళ్ల యువకులు లేరు, అరుగుల మీద అందరూ యాభై దాటినవాళ్లే. అంటే యాభై ఏళ్లుగా ఆ ఊళ్లో పిల్లలు పుట్టలేదని అర్థం. గెలాక్సీ వయసు కూడా ఇట్లాగే తేలుతుంది.

నక్షత్రాల్లో బరువైనవి నీలంగా, ధగధగా వెలుగుతాయి. కానీ ఇంధనాన్ని గబగబా తాగేస్తాయి. సూర్యుడికన్నా 10 రెట్లు బరువున్న నక్షత్రం మూడు కోట్ల ఏళ్లలోపే ఆరిపోతుంది. మన సూర్యుడిది సుమారు 1,000 కోట్ల ఏళ్ల ఆయుష్షు. అంతకన్నా చిన్నవి ఎర్రగా, మందంగా వెలుగుతూ ఇంకా ఎక్కువ కాలం బతుకుతాయి. గెలాక్సీలో కొత్త నక్షత్రాలు పుట్టడం ఆగిపోతే ముందు నీలం రంగువి పోతాయి, తర్వాత తెల్లనివి, ఆ తర్వాత పసుపువి. అంటే గెలాక్సీ వెలుగు రానురాను ఎర్రబారుతుంది. ఆ వెలుగును పట్టకంలోంచి పంపినట్టు రంగులుగా విడదీసి, ఏ రంగు ఎంత ఉందో కొలిచి, కంప్యూటర్ నమూనాలతో పోల్చి చూస్తే, ఇందులో బతికి ఉన్న నక్షత్రాల ఈడు ఇంత అని చెప్పొచ్చు.

ఇందులో ఒక మోసం కూడా ఉంది. ఎండలో కష్టపడిన రైతు 40 ఏళ్లకే 55 ఏళ్లవాడిలా కనిపిస్తాడు. నక్షత్రాలకూ అంతే. హీలియంకన్నా బరువైన మూలకాలు ఎక్కువగా ఉన్న నక్షత్రం, వయసు తక్కువైనా ఎర్రగా కనబడుతుంది. కాబట్టి ఈ గెలాక్సీ ముసలిదై ఎర్రబడిందా, బరువైన మూలకాలు ఎక్కువై ఎర్రబడిందా అని తేల్చుకోవడం ఈ రంగంలో రోజూ ఉండే కుస్తీ. పరిశోధకుల పట్టుదల, ఓర్పు ఖర్చయ్యేది ఎక్కువగా ఇక్కడే.

1996లో వచ్చిన చిక్కు

ఇప్పుడు అసలు కథకొద్దాం. 1996లో జేమ్స్ డన్‌లప్, ఆయన సహచరులు నేచర్ పత్రికలో ఒక పేపర్ అచ్చు వేశారు. 53డబ్ల్యూ091 అనే మందమైన రేడియో గెలాక్సీ గురించి. హవాయి దీవిలోని 10 మీటర్ల కెక్ టెలిస్కోపుతో గంటల తరబడి దాని వెలుగును పట్టి, రంగులుగా విడదీశారు. దాని రెడ్‌షిఫ్ట్ 1.55 అని తేలింది.

రెడ్‌షిఫ్ట్ అంటే భయపడక్కర్లేదు. విశ్వం వ్యాకోచిస్తుంటే దారిలో ఉన్న కాంతి తరంగం కూడా దానితోపాటే సాగుతుంది. 1.55కు ఒకటి కలిపితే 2.55. అంటే ఆ వెలుగు బయలుదేరినప్పుడు ఉన్న తరంగం పొడవు మన దగ్గరకు వచ్చేసరికి 2.55 రెట్లయింది. ముసలి నక్షత్రాల వెలుగులో 264 నానోమీటర్ల దగ్గర ఒక మెట్టు లాంటి దిగుడు ఉంటుంది. అది అతినీలలోహిత కాంతి, కంటికి కనబడదు. 264ను 2.55తో హెచ్చిస్తే 673 వస్తుంది. అది ఎరుపు రంగు. అంటే ఎప్పుడో అతినీలలోహితంగా బయలుదేరిన గుర్తు, కెక్ అద్దం మీద ఎర్రటి వెలుగుగా వచ్చి పడింది. ఆ మెట్టు ఎంత లోతుగా ఉందో చూసి లెక్క కడితే, ఆ గెలాక్సీలో నక్షత్రాల వయసు కనీసం 350 కోట్ల ఏళ్లు అని వచ్చింది.

ఇందులో చిక్కేముంది అంటారా? అప్పట్లో చాలామంది సిద్ధాంతకర్తలు ఇష్టపడిన విశ్వ నమూనా ఒకటుంది. విశ్వంలో పదార్థం తప్ప ఇంకేమీ లేదు, దాని గురుత్వాకర్షణతో వ్యాకోచం మెల్లగా నెమ్మదిస్తోంది అని. ఆ నమూనా ప్రకారం, ఆ వెలుగు బయలుదేరిన నాటికి మొత్తం విశ్వానికి నిండినవి సుమారు 230 కోట్ల ఏళ్లే. విశ్వం వయసు 230 కోట్లు, అందులోని గెలాక్సీ వయసు 350 కోట్లు. తల్లికన్నా పిల్ల పెద్దదైంది!

మీరే వేసి చూడండి

ఇది ఇంటర్ లెక్కే. పెన్ను తీసుకోండి. వ్యాకోచ వేగాన్ని హబుల్ స్థిరాంకం అంటారు. దాన్ని సెకనుకు 70 కిలోమీటర్లు, ఒక్కో మెగాపార్సెక్‌కు అని తీసుకుందాం. ఒక మెగాపార్సెక్ అంటే 3.09 పక్కన 10 టు ద పవర్ 19 కిలోమీటర్లు. దాన్ని 70తో భాగిస్తే సుమారు 4.4 ఇంటూ 10 టు ద పవర్ 17 సెకన్లు వస్తుంది. ఏడాదికి 3.16 ఇంటూ 10 టు ద పవర్ 7 సెకన్లు. భాగిస్తే సుమారు 1,400 కోట్ల ఏళ్లు. పదార్థం మాత్రమే ఉన్న విశ్వంలో వయసు ఇందులో మూడింట రెండు వంతులు, అంటే 930 కోట్ల ఏళ్లు.

ఇక గెలాక్సీ వెలుగు బయలుదేరిన నాటి వయసు కావాలంటే 930ని, 2.55 టు ద పవర్ 1.5తో భాగించాలి. 2.55ను దాని వర్గమూలంతో హెచ్చిస్తే సుమారు 4.07. 930ని 4.07తో భాగిస్తే 228. అంటే దాదాపు 230 కోట్లు. హబుల్ స్థిరాంకం 70 కాకుండా 50 అనుకుంటే? అదే లెక్కలో 320 కోట్లు వస్తుంది. అప్పుడూ 350కి చాలదు. ఇప్పుడు మీరు వేసింది నిజంగా 1996లో విశ్వశాస్త్రవేత్తలను ఇబ్బంది పెట్టిన లెక్కే.

ముడి ఎట్లా వీడింది?

రెండే దార్లు. గెలాక్సీ వయసు తప్పయినా కావాలి, విశ్వం నమూనా తప్పయినా కావాలి. కొందరు మొదటి దారి పట్టారు. నక్షత్ర నమూనాలు మార్చి చూస్తే ఆ గెలాక్సీ ఈడు అందులో సగమే ఉండొచ్చని వాదించారు. డన్‌లప్ బృందం తన లెక్కను సమర్థించుకుంది. 53డబ్ల్యూ069 అనే రెండో గెలాక్సీని కూడా చూపించింది. దాని నక్షత్రాలూ ముసలివే. ఏళ్ల తరబడి పేపర్ల మీద పేపర్లు వచ్చాయి. సైన్స్‌లో కొట్లాట ఇట్లాగే ఉంటుంది. గొంతు ఎంత పెద్దదని ఎవరూ చూడరు, లెక్క ఎక్కడ తప్పిందో చూపిస్తే చాలు.

ఇంతలో 1998లో వేరే వైపు నుంచి జవాబొచ్చింది. దూరపు సూపర్‌నోవాలను కొలిచిన రెండు బృందాలు, విశ్వ వ్యాకోచం నెమ్మదించడం లేదు, వేగం పుంజుకుంటోంది అని తేల్చాయి. దానికి కారణమైనదాన్ని డార్క్ ఎనర్జీ అంటున్నాం. ఆ పనికి 2011లో పెర్ల్‌మట్టర్, ష్మిట్, రీస్‌లకు ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. విశ్వంలో సుమారు 70 శాతం డార్క్ ఎనర్జీయే అన్న కొత్త నమూనాతో అదే లెక్క వేస్తే, 53డబ్ల్యూ091 నాటికి విశ్వం వయసు 230 కోట్లు కాదు, సుమారు 410 కోట్లు. మొత్తం వయసు 930 కోట్లు కాదు, 1,380 కోట్లు. అప్పుడు 350 కోట్ల ఏళ్ల గెలాక్సీ ఇబ్బంది లేకుండా ఇమిడిపోతుంది. పాత నమూనాలో ఏదో లోటుందని వేలెత్తి చూపిన ఆధారాల్లో ఈ ముసలి గెలాక్సీలూ ఉన్నాయన్నమాట.

కథ అక్కడితో అయిపోలేదు. 2002లో రౌల్ జిమెనెజ్, అబ్రహాం లోబ్ ఇంకో ఉపాయం చెప్పారు. నక్షత్రాల పుట్టుక ఎప్పుడో ఆగిపోయిన గెలాక్సీలను రెండు వేర్వేరు దూరాల్లో తీసుకుని, వాటి వయసుల మధ్య తేడా కొలిస్తే, ఆ కాలంలో విశ్వం ఎంత వేగంగా వ్యాకోచించిందో నేరుగా తెలుస్తుంది. వీటిని విశ్వ గడియారాలు అంటున్నారు. ఇవాళ హబుల్ స్థిరాంకం ఒక పద్ధతిలో 67, మరో పద్ధతిలో 73 వస్తోంది. తేడా ఎందుకో ఇప్పటికీ తేలలేదు. ఇవాళ ఇంటర్ చదువుతున్న మీరు పీహెచ్‌డీలో చేరేనాటికి కూడా ఈ లెక్క మీ కోసం మిగిలే ఉండొచ్చు.

టమాటా చేల మధ్య 30 గొడుగులు

పుణెకు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో నారాయణ్‌గావ్ ఉంది. టమాటాకు, ద్రాక్షకు పేరున్న ప్రాంతం. దాని పక్కన ఖోడద్ ఊరి దగ్గర మొదలై చేల మధ్య, గుట్టల మధ్య 30 పెద్ద డిష్‌లు కనిపిస్తాయి. ఒక్కోటీ 45 మీటర్ల వెడల్పు. 14 డిష్‌లు నడిమధ్యన దగ్గర దగ్గరగా, మిగతా 16 ఇంగ్లిష్ వై అక్షరం ఆకారంలో మూడు వైపులా, మొత్తం సుమారు 25 కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. ఇదే జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్, జీఎంఆర్‌టీ. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ కింద పనిచేసే ఎన్‌సీఆర్‌ఏ దీన్ని నడుపుతోంది.

దీన్ని కట్టించినవాడు గోవింద్ స్వరూప్. 1970లో ఊటీ కొండవాలు మీద 530 మీటర్ల పొడవైన రేడియో టెలిస్కోపు నిలబెట్టిందీ ఆయనే. ఆ ఊటీ టెలిస్కోపుతోనే 1975లో స్వరూప్, విజయ్ కపాహీ రేడియో గెలాక్సీల సైజులు కొలిచి, విశ్వం కాలంతోపాటు మారుతోందనడానికి ఆధారం చూపించారు. జీఎంఆర్‌టీ దగ్గర ఆయన చేసిన ఉపాయం ఇంకా బాగుంటుంది. డిష్‌కు రేకులు బిగిస్తే బరువు, గాలి ఒత్తిడి, ఖర్చు. రేడియో తరంగం పొడవు ఎక్కువ కాబట్టి సన్నటి స్టీలు తీగల జాలీ వేసి, తాళ్లలాంటి తీగలతో బిగించి లాగితే చాలన్నారు. కోళ్ల షెడ్డు జాలీలోంచి గాలి పోతుంది, కోడి పోదు. అట్లాగే ఇక్కడ గాలి పోతుంది, తరంగం పోదు. తక్కువ డబ్బుతో ప్రపంచ స్థాయి పరికరం అట్లా తయారైంది. స్వరూప్ 2020లో కన్నుమూశారు.

జీఎంఆర్‌టీ 150 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశంలో 90 శాతాన్ని జల్లెడ పట్టింది. ఆ సర్వే పేరు టీజీఎస్ఎస్. అందులో 6 లక్షలకు పైగా రేడియో వస్తువుల జాబితా తయారైంది. అందులోంచి బాగా దూరపు వాటిని ఎట్లా ఏరాలి? బరాత్ దూరంగా వస్తున్నప్పుడు డీజే పాట వినబడదు, దుమ్ దుమ్ అనే బేస్ మాత్రమే వినబడుతుంది. కారణం వేరైనా, దూరపు రేడియో గెలాక్సీల తీరూ అట్లాగే ఉంటుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలో గట్టిగా, ఎక్కువ ఫ్రీక్వెన్సీకి పోయేకొద్దీ బాగా మందంగా. అలాంటివాటిని ఏరి, పెద్ద టెలిస్కోపులతో దూరం కొలుస్తారు. 2018లో ఆయుష్ సక్సేనా, ఆయన సహచరులు టీజీఎస్ఎస్ జాబితాలోంచే రెడ్‌షిఫ్ట్ 5.72 ఉన్న రేడియో గెలాక్సీని పట్టుకున్నట్టు ప్రకటించారు. ఆ కొలత ప్రకారం అప్పటికి తెలిసినవాటిలో అదే అతి దూరపుది. రెడ్‌షిఫ్ట్ 5.72 అంటే విశ్వానికి 100 కోట్ల ఏళ్లు నిండీ నిండని నాటి వెలుగు. అంతకుముందే 2010లో ఎన్‌సీఆర్‌ఏకు చెందిన ఈశ్వరచంద్ర బృందం జీఎంఆర్‌టీతో ఇదే ఉపాయంతో దూరపు గెలాక్సీల వేట సాగించింది.

హైదరాబాద్ వారసత్వం

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో నిజామియా అబ్జర్వేటరీకి పునాది వేశారు. ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల పటం గీయాలన్న అంతర్జాతీయ పథకంలో హైదరాబాద్‌కూ ఒక వాటా దక్కింది. ఆ అబ్జర్వేటరీలో ఉద్యోగి కొడుకు వేణు బప్పు. హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివి, ఇక్కడి ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లారు. 1949లో ఆయన కనిపెట్టిన తోకచుక్కకు ఆయన పేరూ ఉంది. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇబ్రహీంపట్నం వైపు జపాల్–రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు నెలకొల్పింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడ పరిశీలించారు. ఇవాళ ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు జీఎంఆర్‌టీ డేటాతో పల్సార్ల మీద పనిచేస్తున్నారు. 2023లో అతి నెమ్మదైన గురుత్వ తరంగాల ఆధారాలు ప్రకటించిన అంతర్జాతీయ బృందాల్లో వాళ్లూ ఉన్నారు.

తొర్రూరు నుంచి దారి

మొదటి దారి: ఇంటర్ ఎంపీసీ తర్వాత ఐసర్. దేశంలో ఏడున్నాయి, తిరుపతిలో ఒకటి. ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాసి అయిదేళ్ల బీఎస్–ఎంఎస్‌లో చేరొచ్చు. భువనేశ్వర్‌లోని నైజర్, ముంబయిలోని సీఈబీఎస్‌లకు నెస్ట్ పరీక్ష. తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంది.

రెండో దారి: ఇవేవీ రాకపోయినా ఆట అయిపోదు. దోస్త్ ద్వారా దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉన్న బీఎస్సీలో చేరండి. డిగ్రీ చివరి ఏడాదిలో ఐఐటీ జామ్ రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేయొచ్చు. హెచ్‌సీయూకు సీయూఈటీ పీజీ. ఉస్మానియాలో ఆస్ట్రానమీ విభాగమే ఉంది.

మూడో దారి: ఇప్పటికే బీటెక్‌లో ఉన్నారా? తలుపు మూసుకుపోలేదు. రేడియో టెలిస్కోపు అంటే సగం ఎలక్ట్రానిక్స్, సగం సాఫ్ట్‌వేర్. ఈసీఈ, సీఎస్ఈ వాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది. పీహెచ్‌డీకి జెస్ట్, గేట్, నెట్ పరీక్షలు, పుణెలోని ఎన్‌సీఆర్‌ఏ, ఐయూకా కలిసి పెట్టే ప్రవేశ పరీక్ష ఉన్నాయి. అర్హతలు, తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆయా సంస్థల వెబ్‌సైట్లు మీరే చూసుకోండి.

ఇంకో పెద్ద కబురు. దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో కడుతున్న స్క్వేర్ కిలోమీటర్ అర్రే టెలిస్కోపులో చేరడానికి కేంద్రం సుమారు 1,250 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. వచ్చే పదేళ్లలో ఈ రంగంలో డేటా కుప్పలు తెప్పలుగా వస్తుంది. దాన్ని చదవగలిగేవాళ్లు కావాలి.

ఇంట్లో అడిగే ప్రశ్న

"చుక్కలు లెక్కబెడితే కూడు పెడ్తదా బిడ్డా?" ఇంట్లో అడిగేది ఇదే. తప్పు ప్రశ్న కాదు. పత్తి ధర ఏ ఏడుకాఏడు ఎట్లుంటదో తెలియని ఇంట్లో ఆ ప్రశ్న అడగకపోతేనే వింత. కాబట్టి దాచకుండా చెప్పుకుందాం.

డిగ్రీ, పీజీ కలిపి అయిదేళ్లు. పీహెచ్‌డీ ఇంకో అయిదారేళ్లు. ఆ తర్వాత పోస్ట్‌డాక్ పేరిట రెండు మూడు చోట్ల, చాలాసార్లు విదేశాల్లో, తాత్కాలిక కొలువులు. పక్కా ఉద్యోగం వచ్చేసరికి ముప్పై అయిదు దగ్గర పడొచ్చు. ఒక్కో సంస్థలో ఏటా తీసుకునే పీహెచ్‌డీ విద్యార్థులు కొద్దిమందే. మీతోపాటు బీటెక్ చేసిన దోస్తు అప్పటికి ఇల్లు కట్టి ఉంటాడు. అది చూసి గుండె కలుక్కుమనకుండా ఉండదు. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు మొదటి రెండేళ్లు ఇంగ్లిష్ పుస్తకాలతో ఇంకో పోరు. ఆడపిల్లను హన్మకొండ హాస్టలుకు పంపడానికే పదిసార్లు ఆలోచించే ఇల్లు పుణె అంటే ఏమంటుందో మీకు తెలుసు.

రెండో వైపు కూడా చెప్పాలి. పీహెచ్‌డీలో చేరిననాటి నుంచి ఫీజుల కోసం అప్పు చేయాల్సిన పని ఉండదు. నెట్ జేఆర్‌ఎఫ్ కింద నెలకు 37,000 రూపాయలు, ఆపైన ఇంటి అద్దె భత్యం వస్తుంది. తర్వాత సీనియర్ ఫెలోగా 42,000. ఖగోళంలో కుదరకపోయినా ఈ చదువు వృథా పోదు. గోలలోంచి సన్నటి సంకేతాన్ని ఏరడం, గుట్టలకొద్దీ డేటాను ప్రోగ్రాములతో జల్లెడ పట్టడం, తప్పు ఎంత ఉండొచ్చో లెక్కగట్టడం... ఇవి వచ్చినవాళ్లను డేటా సైన్స్, సిగ్నల్ ప్రాసెసింగ్ కంపెనీలు తీసుకుంటాయి. డిగ్రీ లెక్చరర్ కొలువుకూ పనికొస్తుంది. అమ్మానాన్నలతో మాట్లాడేటప్పుడు నోబెల్ కబుర్లు పక్కనపెట్టి ఈ లెక్కే చెప్పండి. ఇన్నేళ్లు పడుతుంది, ఇంత వస్తుంది, కుదరకపోతే ఇది చేస్తా అని. సగం భయం అక్కడే పోతుంది.

పైసా ఖర్చు లేకుండా మొదలు

ఇది మీకు సరిపడే పనో కాదో తెలుసుకోవడానికి పదేళ్లు ఆగక్కర్లేదు.

• ఇంటర్‌లో ఉంటే ఐఏపీటీ నిర్వహించే నేషనల్ స్టాండర్డ్ ఎగ్జామినేషన్ ఇన్ ఆస్ట్రానమీ రాయండి. మామూలుగా నవంబరులో ఉంటుంది. ఒలింపియాడ్‌కు ఇదే మొదటి మెట్టు. 2025లో అంతర్జాతీయ ఖగోళ ఒలింపియాడ్ ముంబయిలోనే జరిగింది.

• డిగ్రీ, బీటెక్‌లో ఉంటే ర్యాడ్ ఎట్ హోమ్ గురించి తెలుసుకోండి. ఖగోళ శాస్త్రవేత్త ఆనంద హోతా 2013లో మొదలుపెట్టిన ప్రజా విజ్ఞాన వేదిక ఇది. జీఎంఆర్‌టీ తీసిన రేడియో చిత్రాల్లో వింత గెలాక్సీలను ఎట్లా గుర్తుపట్టాలో ఆన్‌లైన్‌లోనే నేర్పిస్తారు. ఇంట్లో కూర్చుని వెతికిన విద్యార్థులు కనిపెట్టినవి శాస్త్ర పత్రికల్లో అచ్చయ్యాయి.

• టీజీఎస్ఎస్ చిత్రాలు, జాబితా అందరికీ ఉచితం. హంస మండలంలోనో, మీకు నచ్చిన మరో చోటనో ఒక గెలాక్సీని ఎంచుకుని 150 మెగాహెర్ట్జ్‌లో ఎట్లుందో, 1,400 మెగాహెర్ట్జ్ సర్వేలో ఎట్లుందో పోల్చి చూడండి.

• పైథాన్ నేర్చుకోండి. ఫోనులో వీడియోలు చూసి మొదలుపెట్టినా, కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని చేతితో టైపు చేస్తేనే వస్తుంది. లినక్స్, స్టాటిస్టిక్స్ కూడా.

• పుణెలో డిగ్రీ విద్యార్థుల కోసం రేడియో ఆస్ట్రానమీ వింటర్ స్కూల్, ఆ పై తరగతుల వాళ్ల కోసం వేసవి పరిశోధన కార్యక్రమం ఉంటాయి. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవం సమయంలో ఖోడద్‌లో జీఎంఆర్‌టీని జనానికి చూపిస్తారు. కాలేజీ టూర్ ఎటు పోవాలో అడిగినప్పుడు ఒక్కసారి ఈ పేరు చెప్పి చూడండి.

అన్నిటికన్నా ముందు పైన చెప్పిన లెక్క మీ చేత్తో మీరే వేయండి. ఎక్కడా చూడకుండా 930 రావాలి, దాన్ని భాగిస్తే 228 రావాలి. తర్వాత రెడ్‌షిఫ్ట్ 1.55కు బదులు 5.72 పెట్టి చూడండి. ఆ పాత నమూనాలో విశ్వానికి అప్పుడు ఎన్ని కోట్ల ఏళ్లో రాసుకోండి. దాన్ని మీ ఫిజిక్స్ లెక్చరర్‌కు చూపించి, ఇప్పటి నమూనాలో ఎంత వస్తుందో అడగండి. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎందుకొచ్చిందో తెలుసుకునేదాకా మీకు నిద్ర పట్టలేదంటే, ఈ దారి ఒకసారి గట్టిగా ఆలోచించదగ్గదే.